పెరటి సముద్రం మందుకు రాదు

విశాఖపట్నంలో సముద్రం ఉందన్న సంగతి ఆ ఊళ్ళోని ఒక ఇంటర్నేషనల్ స్కూలుకి ఈ మధ్యనే తెలిసింది. చెప్పినవాళ్ళు రోటర్‌డామ్ వాళ్ళు.

మెయిల్ వచ్చింది. మాదీ రేవు పట్నమే, మీదీ రేవు పట్నమే, రెండు బళ్ళ పిల్లలూ కలిసి ఓడరేవుల గురించీ సముద్రం గురించీ ఒక ఏడాది చదువుకుంటే బాగుంటుంది కదా అని. యాజమాన్యం ఉలిక్కిపడి మూడో అంతస్తు కిటికీ తెరిపించింది. నిజమే, ఉంది. నీలంగా, చాలా పెద్దగా, ఎప్పట్నుంచో ఉన్నట్టే ఉంది. సెంట్రల్ ఏసీ కాబట్టి ఆ కిటికీ తీసే అవసరం ఇన్నాళ్ళూ పడలేదు, అంతే. బ్రోషర్‌లో 'సీ వ్యూ క్యాంపస్' అని రాసి ఫీజు గుంజుతున్నది దీని పేరు చెప్పేనని అకౌంట్స్ సెక్షన్ వాళ్ళు కూడా ధ్రువీకరించారు.

ఆ తర్వాత తల్లిదండ్రులకు సర్క్యులర్ వెళ్ళింది. ప్రాజెక్టు పేరు ఇంగ్లీషులో ఏడు మాటలు, మధ్యలో ఒక కోలన్. కోలన్ లేని ప్రాజెక్టుకి ఈ రోజుల్లో ఎవరూ చెక్కు రాయరు. డబ్బు కట్టి వీసా వచ్చిన పిల్లలు 'ఓషన్ అంబాసిడర్లు'. డబ్బు కట్టినా వీసా రానివాళ్ళు 'వర్చువల్ ఓషన్ అంబాసిడర్లు'. డబ్బు కట్టనివాళ్ళు చప్పట్లు కొట్టాలి. వీసా రాకపోతే సొమ్ము వాపసు లేదన్న షరతు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆ షరతుకీ మన తీరానికీ దగ్గర దగ్గర ఎనిమిది వందల ఏళ్ళ పాత పేచీ ఉంది.

ముగింపు ప్రదర్శనకు నన్ను జడ్జీగా పిలిచారు. వాళ్ళిచ్చిన కాగితంలో పట్టని మార్కులు కొన్ని మిగిలిపోయాయి. అవి ఇక్కడ వేస్తున్నాను.

రోటర్‌డామ్‌ని తక్కువ చేయడానికి లేదు. ఐరోపాలో అంత రేవు ఇంకోటి లేదు. మన విశాఖ పోర్టు ఏడాదికి 8 కోట్ల టన్నుల సరుకు దాటిందని సంబరపడుతుంటే, అక్కడ 43 కోట్ల టన్నుల చుట్టూ నడుస్తోంది. ఊరి నుంచి సముద్రం దాకా 40 కిలోమీటర్ల పొడవునా రేవే. చోటు చాలక ఉత్తర సముద్రంలోంచి 24 కోట్ల ఘనపు మీటర్ల ఇసుక తోడి పోసుకుని, నిన్నటిదాకా నీళ్ళున్న చోట మాస్‌ఫ్లాక్టె-2 అనే నేల తయారుచేసి 2013లో ప్రారంభించారు. అది చూడటానికి బడిపిల్లలు రావాలని పోర్టు వాళ్ళే ఫ్యూచర్‌ల్యాండ్ అని ఒక కేంద్రం పెట్టారు. అది పాతబడిందని 2025లో పోర్ట్‌లాంటిస్ పేరుతో కొత్త భవనం కట్టారు. మన దగ్గర పోర్టుకీ పిల్లలకీ మధ్య ఒక గోడ, గోడ మీద ముళ్ళకంచె, గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను. వన్ టౌన్ పిల్లలకైతే పోర్టు గోడ దాటి ఇంటికే వస్తుంది, బొగ్గు పొడి రూపంలో. డాబా మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఏ రంగులో ఉందో చూస్తే ఆవేళ బొగ్గు ఓడ దిగిందో లేదో ఆ పిల్లలు చెప్పేస్తారు. కానీ ఈ పరిజ్ఞానం ప్రాజెక్టు పరిధిలోకి రాదు.

అయినా రోటర్‌డామ్‌తో మనకిది మొదటి ఎక్స్ఛేంజా? 1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ పుట్టినప్పుడు దాన్ని నడిపిన ఆరు పట్నాల శాఖల్లో రోటర్‌డామ్ ఒకటి. మూడేళ్ళకల్లా 1605లో వాళ్ళు మచిలీపట్నంలో దిగారు. వాళ్ళకు కావాల్సినవి జాజికాయ, లవంగం. అవి ఇండోనేషియా దీవుల్లో ఉన్నాయి. దీవులవాళ్ళేమో వాటికి బదులుగా గుడ్డ అడిగారు. ఆ గుడ్డ మన తీరంలో ఉంది. అద్దకం వేసింది మనవాళ్ళు, ఓడ వాళ్ళది, లాభం వాళ్ళది, పేరు ఇప్పటికీ మ్యూజియంలది. గుడ్డతో పాటు మనుషుల్నీ ఎక్కించారు. కోరమాండల్ తీరం నుంచి 17వ శతాబ్దంలో వేల మంది ఆ దీవుల్లోని బటావియాకు బానిసలుగా వెళ్ళారు. ఇక్కడ కరువొచ్చిన ఏడు అక్కడికి మనుషుల ఎగుమతి పెరిగేది. ఆ మొదటి విడత ఎక్స్ఛేంజ్‌లో వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి పవర్‌పాయింట్ ఇచ్చిన దాఖలా లేదు.

వాళ్ళు మనకేం ఇచ్చారంటే, భీమిలిలో గోరీలిచ్చారు. 1825లో ఆ ఊరిని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయినా, చచ్చిపోయినవాళ్ళు మాత్రం సముద్రపు ఒడ్డునే ఉండిపోయారు. రోటర్‌డామ్ పిల్లలు విశాఖ వచ్చినప్పుడు ఆ శ్మశానాన్ని కూడా కార్యక్రమంలో పెట్టారు, ఫోటో స్టాప్ కింద, ఇరవై నిమిషాలు. అందులో ఒక పిల్లవాడు రాతి మీద చెక్కిన అక్షరాలు వేలితో రుద్ది చదువుకుని, ఈయన ఇక్కడ ఏం పని చేసేవాడని అడిగాడు. సోషల్ టీచరు తడుముకోకుండా "ట్రేడ్ అండ్ ఫ్రెండ్‌షిప్" అంది. ఆ పిల్లవాడు కాసేపు ఊరుకుని, మా బళ్ళో బానిసల వ్యాపారం మీద పాఠముంది, మా ఊరి మేయరు 2021లో క్షమాపణ కూడా చెప్పాడు, ఆ సంగతి మీ పాఠాల్లో లేదా అన్నాడు. టీచరు చిరునవ్వు నవ్వి అందర్నీ గ్రూప్ ఫోటోకి నిలబడమంది. క్షమాపణ చెప్పాల్సినవాళ్ళు బడిలో నేర్చుకుని వచ్చారు. చెప్పించుకోవాల్సినవాళ్ళు 'చీజ్' అన్నారు.

ఇంతకీ మన వైపు తయారీ ఎలా జరిగిందో చెప్పాలి.

స్టేజి మధ్యలో గది పొడవున ఒక థర్మోకోల్ ఓడ. దాని కింద అలల కోసం నీలం పాలిథిన్. వెనక 'సముద్రాన్ని ప్లాస్టిక్ బారి నుంచి కాపాడుదాం' అని ఇరవై అడుగుల ప్లాస్టిక్ ఫ్లెక్సీ. రాష్ట్రంలో ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామని అప్పటి ముఖ్యమంత్రి 2022లో ప్రకటించింది ఈ ఊళ్ళోనే కాబట్టి, ఆ ప్రకటనను కూడా ఫ్లెక్సీ మీద ఒక మూల అచ్చేయించారు. ఇంత చేసినా ఏదో వెలితిగా ఉందని డ్యాన్సు మాస్టారికి తోచింది. వల కావాలన్నాడు.

బళ్ళో ఆయమ్మది పెద జాలారిపేట. ప్రిన్సిపల్ మేడమ్ కబురు పెట్టించింది.

"ఆయమ్మా, మీ ఇంట్లో వల ఉంటుంది కదా?"

"ఉంటాదమ్మా. మా ఆయన దాంతోనే ఏటకెల్తాడు."

"రెండు రోజులకి ఇవ్వు. కొత్తది కావాలి. చిరుగులుండకూడదు, వాసన రాకూడదు."

"వాసన రాని వలంటే అది సముద్రం సూడనిదమ్మా. సాపులో కొనుక్కోవాల."

మేడమ్ కొనలేదు. ఆయమ్మ తెచ్చిన వలనే సర్ఫ్ నీళ్ళలో నానబెట్టించి, డెటాల్ చల్లించి, స్టేజికి అడ్డంగా గుండుసూదులతో బిగించారు. దాని కళ్ళల్లో రంగు కాగితాల చేపలు గుచ్చారు. ఆ రెండు రోజులూ ఆయమ్మ మొగుడు ఒడ్డున కూర్చున్నాడు. ఆ కూర్చోవడాన్ని ప్రాజెక్టు నివేదికలో 'కమ్యూనిటీ పార్టిసిపేషన్' అన్న శీర్షిక కింద రాశారు.

డచ్చి స్టాలు దగ్గర హెరింగ్ చేప బొమ్మ పెట్టారు. వాళ్ళ దేశంలో ఆ పచ్చి చేపని తోక పట్టుకుని తలెత్తి నోట్లోకి వదులుకుంటారు. మన పిల్లలు దానిమీద మూడు పేజీలు రాశారు, దాన్ని సముద్ర వారసత్వం అన్నారు, చాలా బాగా రాశారు. ఇదే బళ్ళో లంచ్ బాక్సులో చేప తెస్తే డైరీలో ఎర్ర సిరా పడుతుంది. ఆయమ్మ ఎండు నెత్తళ్ళ కూర తెచ్చుకున్న రోజున జనరేటర్ షెడ్డు వెనక్కి పోయి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని మరీ తింటుంది. గాలివాటం గురించి ఆ ప్రాంగణంలో ఆచరణాత్మకంగా తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

క్షేత్ర పర్యటన కూడా ఉంది. చేపల రేవుకి తీసుకెళ్దామని సైన్సు మాస్టారు ఒకాయన పాపం నిజంగానే అనుకున్నాడు. తెల్లారి నాలుగున్నరకి వెళ్ళాలన్నాడు. పేరెంట్స్ గ్రూపులో గగ్గోలు. నాలుగున్నరకి పిల్లలెలా లేస్తారు, నేల జారుతుందట, వాసనకి వాంతులైతే ఎవరిది బాధ్యత, అక్కడ వైఫై ఉందా. అంగీకార పత్రం తయారైంది. అందులో మెదడువాపు మొదలు మొసలి దాకా అన్ని ప్రమాదాలూ రాశారు. ఆ పత్రం చదివాక ఏ తండ్రీ సంతకం పెట్టలేదు. చివరికి అందరినీ కర్సూరా జలాంతర్గామికి తీసుకెళ్ళారు. అది 2002 నుంచీ ఆర్కే బీచ్‌లో ఇసుకమీద కూర్చుని ఉంది. ఆ పిల్లల్లో చాలామంది అప్పటికే దాన్ని ఎల్కేజీలో ఒకసారి, మూడో తరగతిలో ఒకసారి, చుట్టాలొచ్చినప్పుడల్లా ఒకసారి చూసి ఉన్నారు. నీళ్ళు తగలని చోట నిలబెట్టిన ఓడ కాబట్టి సముద్రం గురించి నేర్చుకోవడానికి అదే క్షేమమని తేల్చారు.

ఆ చేపల రేవులో వాళ్ళు పోగొట్టుకున్నదేమిటో చెబుతాను. చీకటుండగానే బోట్లు వరసకట్టి వస్తాయి. ఐసు పెట్టెలు దిగుతాయి. వంజరం ఒక కుప్ప, కోనాం ఒక కుప్ప, చందువాలు ఒక కుప్ప. పాట మొదలవుతుంది. పాట పాడే మనిషి గొంతు మీద కంటే కొనేవాళ్ళ కళ్ళ మీదా వేళ్ళ మీదా ఎక్కువ వ్యాపారం నడుస్తుంది. తట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు ఆ రద్దీలోంచే తమకు గిట్టే కుప్ప ఏదో తూచకుండా తూచేస్తారు. అక్కడ ఒక లెక్కల పాఠముంది. వీళ్ళ పుస్తకంలో ఓడ గంటకు 20 నాటికల్ మైళ్ళ వేగంతో బయల్దేరి ఎప్పుడు చేరుతుందన్న లెక్కే ఉంటుంది, అది ఎప్పుడూ చేరిపోతుంది కూడా. అసలు లెక్క ఇలా ఉండాలి: ఒక మరపడవ పది రోజుల వేటకు పోయింది. డీజిలు, ఐసు, సరుకులు, వల బాగుచేయించిన ఖర్చు తీసేయగా, బోటు ఓనరు వాటా, సరంగు వాటా పోగా, కళాసీకి మిగిలింది ఎంత? సున్నా వచ్చినవారు జవాబు మరోసారి సరిచూసుకోనక్కర్లేదు.

ఈ రేవులోనే 2023 నవంబరు 19 రాత్రి నిప్పంటుకుని సుమారు 40 బోట్లు కాలిపోయాయి. స్కూలు మూడో అంతస్తు కిటికీ అప్పటికింకా తెరవలేదు. ప్రదర్శనలో 'రేవులు, విపత్తులు' అన్న బోర్డుంది. అందులో 1953లో నెదర్లాండ్స్‌లో వచ్చిన వరద, చనిపోయిన 1,836 మంది, ఆ తర్వాత వాళ్ళు కట్టుకున్న డెల్టా అడ్డుకట్టలు అన్నీ రంగుల్లో ఉన్నాయి. మన బోట్లు లేవు. 1977 నవంబరులో పది వేల మందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకున్న దివిసీమ ఉప్పెన లేదు. 1864లో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనా లేదు. బోర్డు తయారుచేసిన పిల్లని అడిగాను. "అంకుల్, పార్ట్‌నర్ కంట్రీ గురించే రాయమన్నారు" అంది. తప్పు పిల్లది కాదు. రోటర్‌డామ్ పిల్లలు మన గురించి రాయాలి, మన పిల్లలు రోటర్‌డామ్ గురించి రాయాలి, ఎవరి ఊరు వాళ్ళు చూడకూడదు. ఎక్స్ఛేంజ్ అంటే అదని నియమావళిలో ఉంది.

ఆ పక్కనే ఓడరేవుల చరిత్ర, కాలక్రమ పట్టిక. ఫినీషియన్లు, వైకింగులు, కొలంబస్, వాస్కో డ గామా, రోటర్‌డామ్. విశాఖ రేవులోకి 1933 అక్టోబరులో మొదట వచ్చిన ఓడ జలదుర్గ లేదు. ఇక్కడి సింధియా షిప్‌యార్డులో కట్టి, 1948 మార్చిలో నెహ్రూ చేతుల మీదుగా నీళ్ళలోకి దించిన జల ఉష లేదు. కోరంగి రేవు లేదు. కోరంగి ఓడలెక్కి పోయిన తెలుగువాళ్ళని బర్మాలో 'కోరంగీలు' అనే పిలిచేవారన్న సంగతి లేదు. మోటుపల్లి అసలే లేదు.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఒక చిన్న ఊరు. ఒకప్పుడు మార్కో పోలో తన యాత్రా కథనంలో రాసుకున్న రేవు. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులకి ఒక అలవాటుండేది. తుపానుకి దారితప్పి తమ ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ దొరికితే సరుకంతా ఊడ్చుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, న్యాయంగా రావాల్సిన సుంకం తప్ప వర్తకుడి సొమ్ము ముట్టనని రాతి మీద చెక్కించి అభయమిచ్చాడు. ఇప్పుడు సర్క్యులర్ అడుగున ఉన్న చీమ అక్షరాలు మళ్ళీ తీయండి. ఓడ మునిగినా సరుకు జోలికి రానన్నాడు ఆ రాజు. వీసా మునిగితే కట్టిందంతా మాదేనంటోంది ఈ స్కూలు. కాలక్రమ పట్టికలో మోటుపల్లిని ఎందుకు వదిలేశారో నాకు అర్థమైంది. పిల్లలు చదివి ఇంటికెళ్ళి చెబితే తల్లిదండ్రులు పోలిక తెచ్చే ప్రమాదముంది.

ఇసుక సంగతికి వద్దాం. ఈ ప్రాజెక్టు మొత్తంలో నిజంగా చదువు జరిగింది ఒక పావుగంట. అది ఆర్కే బీచ్‌లో, కార్యక్రమంలో లేకుండా, పొరపాటున జరిగింది.

రోటర్‌డామ్ నుంచి వచ్చిన పిల్లల్లో ఒక అమ్మాయి చెప్పులు విడిచి, ఇసుక గుప్పిట్లోకి తీసుకుని, ఈ బీచ్‌కి ఇసుక ఎక్కణ్ణుంచి తెస్తారు అని అడిగింది. మనవాళ్ళు నవ్వారు. బీచ్‌కి ఇసుక తేవడమేమిటి, అది దేవుడిచ్చింది కదా. ఆ అమ్మాయి నవ్వలేదు. వాళ్ళ ఊరికి దగ్గర్లో, హేగ్ పక్కన, 2011లో ప్రభుత్వం 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్ల ఇసుకని ఒకేచోట గుట్టగా పోసి, అలలూ గాలీ దాన్ని తీరం పొడవునా పంచేలా వదిలేసింది. ఇసుక మోటారని దానికి పేరు. అక్కడి పిల్లకి తీరమంటే రోజూ కరిగేదీ, రోజూ కాపాడుకోవాల్సిందీ. ఈతలో సర్టిఫికెట్ లేని పిల్లలు వాళ్ళ బడుల్లో అరుదు. మన ఓషన్ అంబాసిడర్లలో మోకాలి లోతు దాటిన వాళ్ళెవరని అడిగితే, దుబాయ్ హోటల్ స్విమ్మింగ్ పూల్‌లో దిగామని ఇద్దరు చేతులెత్తారు.

టీచరు "ఇట్ ఈజ్ నాచురల్" అనేసింది. పక్కనే మురీ మిక్చర్ కలుపుతున్న ఆయన గిన్నెలో గరిట ఆపకుండానే తలెత్తాడు.

"నాచురలేటమ్మా. పోర్టోళ్ళ డ్రెడ్జరొత్తాది. గొట్టమేసి ఇసక తోల్తాది. తోలకపోతే ఈ రోడ్డే ఉండదు."

ఆ పిల్ల తన నోట్సు తీసింది. మన టీచరు ఆయన చెప్పింది అనువదించడానికి ముందు అక్కడ నిలబడటం పరిశుభ్రమేనా అని ఆలోచించింది.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అలల ఊపు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతుంది. రేవు కోసం కట్టిన రాతి గోడలు ఆ ఇసుక దారికి అడ్డం. గోడకి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఉన్న బీచ్ ఆకలితో చస్తుంది. అందుకని ఆ మేటను డ్రెడ్జరుతో తవ్వి, గొట్టాల గుండా ఆర్కే బీచ్ వైపు పోస్తారు. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం ఉన్నది కూడా ఈ ఊళ్ళోనే. రేవుకీ బీచ్‌కీ మధ్య ఏళ్ళ తరబడి నడుస్తున్న ఇచ్చిపుచ్చుకోవడం ఇది. ఏడు మాటల కోలన్ ప్రాజెక్టుకి ఇంతకంటే తగిన విషయం ఉందా? దీన్నే పట్టుకుని ఏడాది పొడవునా పిల్లలచేత ఇసుక కొలిపించినా సరిపోయేది. దీని మీద బోర్డు లేదు. నిపుణుల చర్చకి పిలిచిన ఆరుగురిలో మురీ మిక్చర్ ఆయన లేడు. సముద్రం మీద ధ్యానం నేర్పే ఒక గురువు ఉన్నాడు.

సాంస్కృతిక కార్యక్రమాల్లో మన పిల్లలు జాలరి వేషాలు కట్టి తండేల్ సినిమా పాటకి ఆడారు. బాగా ఆడారు, ఫుల్ మార్కులు వేశాను. పాట అయ్యాక యాంకరమ్మాయి ఇది ప్రేమకథ అంది. కాదనలేం. కానీ ఆ సినిమా వెనక ఉన్న సంగతేమిటో ఆ స్టేజి మీద ఎవరికైనా తెలిసి ఉంటే, ప్రాజెక్టు పేరులో ఉన్న 'ఇంటర్నేషనల్' అన్న మాటకి కాస్త బరువొచ్చేది. శ్రీకాకుళం జిల్లాకి 190 కిలోమీటర్లకు పైగా తీరముంది. అంత తీరమున్నా అక్కడి మత్స్యకారులు పెళ్ళాం పిల్లల్ని వదిలి రైలెక్కి గుజరాత్‌లోని వేరావల్ పోతారు, అక్కడి బోట్ల మీద కూలికి. సొంత ఊళ్ళో బోటు కట్టుకునే రేవు లేక, ఉన్న చోట పట్టు దొరక్క. 2018 నవంబరులో అలా పోయినవాళ్ళ బోట్లని పాకిస్తాన్ పట్టుకుంది. నీళ్ళ మీద గీత ఎవరికీ కనబడదు, తుపాకీ ఉన్నవాళ్ళకి మాత్రం కనబడుతుంది. కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉన్నాక 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర ఇటు వైపు నడిచి వచ్చారు.

ఇందులో ఎక్స్ఛేంజ్ ఎక్కడుందంటారా? ఉంది. 2008 నాటి ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఉభయ దేశాలూ తమ జైళ్ళలో ఉన్న అవతలివాళ్ళ ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. అందులో మత్స్యకారులకి విడిగా ఒక పట్టికే ఉంటుంది. సముద్రం మీద ఆధారపడిన మనుషులు, రెండు దేశాలు, ఏడాదికి రెండు విడతలు, క్రమం తప్పని ఉత్తరప్రత్యుత్తరాలు. రోటర్‌డామ్ ప్రాజెక్టుకి ఉన్న లక్షణాలన్నీ ఉన్నాయి. సర్టిఫికెట్ ఒక్కటే ఇవ్వరు.

మత్స్యకారుల లెక్క ఇంకొకటుంది. ఏటా వేట నిషేధం 61 రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఆ రెండు నెలలకీ ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో పది వేల నుంచి ఇరవై వేలకి పెంచారు. రోటర్‌డామ్ వెళ్ళే పిల్లలు వెంట ఉంచుకోవాల్సిన పాకెట్ మనీ అని సర్క్యులర్‌లో యూరోల్లో సూచించిన మొత్తం అంతకంటే ఎక్కువే. ఆయమ్మ దగ్గర ఈ లెక్క ఎవరూ ప్రస్తావించలేదు. ప్రస్తావించాల్సిన పని లేదు కూడా, సర్క్యులర్లు జిరాక్స్ తీసి కవర్లలో పెట్టింది ఆవిడే.

మన బృందం రోటర్‌డామ్ వెళ్ళొచ్చింది. పోర్ట్‌లాంటిస్‌లో క్రేన్ నడిపే ఆట ఆడారట. ఒక పిల్లవాడు నాతో, అక్కడ పోర్టులో పనిచేసేవాళ్ళు వచ్చి మాతో మాట్లాడారంకుల్, టగ్ బోటు నడిపే ఆయన కూడా, అన్నాడు కళ్ళు పెద్దవి చేసుకుని. టగ్ బోటు నడిపేవాళ్ళు తన స్కూలు నుంచి పది కిలోమీటర్ల లోపే ఉన్నారని వాడికి ఎవరూ చెప్పలేదు. బహుశా వాడి బస్సు డ్రైవరు తమ్ముడే కావచ్చు. బస్సు డ్రైవర్లతో మాట్లాడరాదని కూడా డైరీలో ఒక నియమముంది.

తుది నివేదిక ఆర్ట్ పేపరు మీద, నాలుగు రంగుల్లో వచ్చింది. 'ఎదురైన సవాళ్ళు' అన్న చోట 'ఉక్కపోత' అని ఉంది. 'స్థానిక భాగస్వాములు' అన్న చోట ఒక ఐస్‌క్రీమ్ కంపెనీ, ఒక ట్రావెల్ ఏజెన్సీ, ఒక డెంటల్ క్లినిక్ ఉన్నాయి. వల ఫోటో కవర్ పేజీ మీదే వేశారు. గుండుసూదులు లాగినప్పుడు అది ఏడెనిమిది చోట్ల చిరిగింది. ఆయమ్మ మొగుడు మూడు సాయంత్రాలు కూర్చుని అల్లుకున్నాడు. సర్ఫ్ వాసన ఇంకా పోలేదనీ, చేప దగ్గరికి రావడంలేదనీ ఆవిడ అంటే, అది మూఢనమ్మకమని సైన్సు ల్యాబ్ అసిస్టెంట్ కొట్టిపారేశాడు.

వచ్చే ఏడాది ప్రాజెక్టు కూడా ఖాయమైపోయింది. ఈసారి దుబాయ్ స్కూలుతో, ఎడారుల మీద. స్టేజి నిండా ఇసుక దిబ్బలు పోయాలని డ్యాన్సు మాస్టారి ఆలోచన. రెండు లారీలు ఆర్కే బీచ్ నుంచి తోలించుకుంటామని అనుమతి కోసం దరఖాస్తు పెట్టారు. ఒంటె సంగతి ఆయమ్మని అడిగి చూడమన్నారు.